అమ్మ నాయనమ్మకు బాప్తిస్మం లేదు

గుండె ఆపరేషన్‌కు ముందు అమ్మ నన్ను కోరింది ఒక్కటే. వాళ్ళ నాయనమ్మకు బాప్తిస్మం ఎక్కడ జరిగిందో కనుక్కోమని. అబుదాబీ ఆసుపత్రుల్లో నర్సుగా చేసి, రిటైరై, ఆ ఊరి శివారు బనియాస్‌లో నా దగ్గర ఉంటున్న మనిషి. ఆమె భయం కత్తి గురించి కాదు. పోతే, పరలోకంలో నాయనమ్మ కనిపిస్తుందా లేదా అని.

ఆ నాయనమ్మను తెనాలి దగ్గర మా ఊళ్ళో సమాధుల తోట గోడకు బయట పెట్టారు. బాప్తిస్మం తీసుకోలేదని. చర్చిలో పాట పాడేది కాదట, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్లకు వెళ్ళేది కాదట, కళ్ళు మూసుకుని ఊరికే కూర్చునేదట. కరువులో తల్లిదండ్రులు పోతే నర్మద ఒడ్డున ఏదో మిషన్ అనాథాశ్రమంలో పెరిగింది. రైల్వేలో పనిచేసే మా ముత్తాత అక్కడే పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. మాకు తెలిసింది అంతే.

ఆ వైపు చర్చిలన్నిటికీ మెయిళ్ళు పెట్టాను, బాప్తిస్మపు రిజిస్టర్లు చూడమని. లేదన్నారు. చూడకుండానే లేదంటున్నారని ఇద్దరు పాస్టర్లతో ఫోన్లో పోట్లాడాను కూడా. ఇక్కడ శుక్రవారమే జరిగే చర్చి ఆరాధనకు ముసఫా వెళ్తే, అమ్మతో పనిచేసిన నర్సు ఒకావిడ, "ఖలాస్ అనుకోవే. ఆవిణ్ణి ఆ దేవుడే చూసుకుంటాడు" అంది.

"మరి మా ఊరి సంఘ పెద్దలు దేవుడికి వదిలేశారా, గోడ బయట పెట్టకుండా?" అన్నాను.

చివరికి ఇంగ్లండులో పాత మిషన్ కాగితాలు చూసే ఒకావిడ జవాబు రాసింది. ఆ ఆశ్రమం క్వేకర్లనే క్రైస్తవ శాఖ వాళ్ళదట. వాళ్ళు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వరు. ప్రభువు బల్ల పెట్టరు. అందరూ మాటా పాటా లేకుండా కూర్చుంటారు, వాళ్ళ ఆరాధన అదే. ఆ మనుషులు ఎన్నడూ చేయని పని కోసం నేను ఆ వైపంతా వెతికించాను.

అమ్మకు చదివి వినిపించాను.

"అయితే లేనట్టేగా."

"వాళ్ళలో ఎవరికీ ఉండదమ్మా. ఆమె ప్రార్థన చేస్తూనే కూర్చుంది."

"మరి ఒక్కరికైనా చెప్పొచ్చుగా?"

"ఎవరడిగారు? పాడవేం అని గద్దించడమేగా మీవాళ్ళు చేసింది."

అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం ఊరి నుంచి మా అత్తయ్య, అంటే అమ్మకు వదిన, ఫోన్ చేసింది. "దొరికిందా వదినా, మీ నాయనమ్మ బాప్తిస్మం?"

నా దగ్గర జవాబు పదునుగా సిద్ధంగా ఉంది. ఫోన్ తీసుకోబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"లేదు వదినా. తీసుకోలేదు."

"అయ్యో. మరెట్టా?"

"ఎట్టా ఏముంది. నేను పోతే నన్ను ఆమె పక్కన పెట్టమని అన్నయ్యకు చెప్పు."

ఆపరేషన్ బాగానే జరిగింది. కొన్నేళ్ళు బతికి, ఇక్కడే నిద్రలో పోయింది. విమానంలో ఊరికి తీసుకెళ్ళాం. సంఘ పెద్దలు తోట గోడ లోపల చోటు చూసి ఉంచారు.

"బాప్తిస్మం ఉన్న మనిషిని బయట పెడితే మా మర్యాదేం కావాలమ్మా?" అన్నాడు ఒకాయన.

"మీ మర్యాద సంగతి తర్వాత. ముందు ఆవిడ మాట జరగాలి" అన్నాను.

మధ్యాహ్నం దాకా వాదించాను. బయటే తవ్వారు.