వేరు లేని బొమ్మ

జాగీరు పోయాక మందుమొక్కల బొమ్మలు గీసే పనికి ఒప్పుకున్నాను. అచ్చుకు వెళ్తున్న ఒక శాస్త్రగ్రంథానికి అవి కావాలి. మా ఇంట్లో మట్టి ముట్టినవాళ్లు లేరు. కొమ్మలు కోయించి తెప్పించుకుని, కుర్చీలో కూర్చుని గీసేవాణ్ణి.

గడువు చివరి రోజు. బొమ్మల కట్టతో బోథ్‌లో బస్సెక్కాను. ఆ కట్ట ఆ రోజే అచ్చుకు అందకపోతే పని ఇంకొకరికి పోతుంది. పక్కన మూలికల గంపతో కూర్చున్న ముసలామె, కట్టలో పైనున్న కాగితాన్ని వంగి చూసింది.

"గిది సుగంధిపాల గదా దొరా! ఏరేది?"

"వేరెందుకు? ఆకూ పువ్వూ ఉన్నాయి, చాలు."

"మందు ఏర్ల ఉంటది. గీ బొమ్మ జూసి ఆకు నూరి తాపితే రోగం పోతదా? జర వంగి తవ్వితే నీ నడుం ఇరుగుతదా?"

వెనక సీట్లో ఎవరో నవ్వారు. నాకు ఒళ్లు మండింది, కానీ ఆమె మాటలో తప్పు కనపడలేదు. అడవి దగ్గర బస్సు ఆపించి దిగాను. ఆమె తన తవ్వుకోలను కిటికీలోంచి అందించింది.

"బుధవారం అంగట్ల తెచ్చియ్యి."

సాయంత్రం దాకా మోకాళ్ల మీద తవ్వాను. జాగీరు పోయినప్పుడు కూడా ఎవరినీ ఏమీ అడగని నేను, అన్ని బొమ్మలూ వేళ్లతో సహా మళ్లీ గీయడానికి ఇంకొక నెల గడువు ఇవ్వమని ప్రార్థిస్తూ గ్రంథం అచ్చువేసేవాళ్లకు ఉత్తరం రాశాను.