పటికనీళ్ళలో ముంచిన తెల్లగౌను

మా అమ్మకు ఇంగ్లీషు రాదు. బ్యాలే అన్న మాట ఆమె నోట ఎప్పుడూ ‘బెల్లే’ అనే వచ్చేది. నాన్న దాన్ని ఇంకాస్త సాగదీసి ‘బెల్లం డాన్సు’ అనేవాడు. అయినా నూట యాభై ఏళ్ళ కిందట పారిస్‌లో, లండన్‌లో నాట్యకత్తెలు ఏం తొడుక్కునేవారో, అది ఎలా కుట్టేవారో, అందులో ఏం ప్రమాదం ఉండేదో మేముండే బిర్సానగర్ మొత్తంలో మా అమ్మకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని పందెం కట్టి చెప్పగలను.

తొంభైల చివర్లో నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మావాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి పనికోసం జంషెడ్‌పూర్ వచ్చినవాళ్ళు. నాన్న ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డరు. అమ్మ ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, లంగాలు, స్కూలు యూనిఫారాలు కుట్టేది.

మా స్కూల్లో పాటలూ డాన్సూ నేర్పే మిస్ ఒకావిడ ఉండేది. ఆంగ్లో-ఇండియన్, అరవై దాటిన మనిషి. భర్త రైలు డ్రైవరుగా చేసి పోయాడు. పర్సుడీహ్‌లో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. చిన్నతనంలో కలకత్తాలో బ్యాలే నేర్చుకుందట. ఆ ఏడు వార్షికోత్సవానికి ఆవిడకు ఒక ఆలోచన వచ్చింది. ఏడుగురు ఆడపిల్లలు, ఒక్కొక్కరు ఒక్కో కాలపు నాట్యం దుస్తుల్లో వచ్చి కొంచెంసేపు ఆడి వెళ్ళాలి. డాన్సు బట్టలు ఎలా మారుతూ వచ్చాయో జనానికి కనబడాలి. కానీ బొమ్మలు చూసిన బజారు దర్జీ “యే సబ్ హమ్‌సే నహీ హోగా” అని చేతులెత్తేశాడు. మిస్ ముఖం వాడిపోవడం చూసి నేను ఆగలేక అనేశాను, “మా అమ్మ కుడుతుంది మిస్” అని.

శనివారం మధ్యాహ్నం మిస్ ఆటోలో మా ఇంటికి వచ్చింది. ఒళ్ళో దిండుగలీబులో చుట్టిన లావుపాటి పుస్తకం. అందులో అన్నీ బొమ్మలే. అమ్మ చేతులు కడుక్కుని చాప మీద కూర్చుని పేజీలు తిప్పింది. మిస్‌కు తెలుగు రాదు, అమ్మ హిందీ అంతంత మాత్రం, మిస్ హిందీ అంతకన్నా అన్యాయం. మధ్యలో నేను.

మొదటి బొమ్మలో రాజుగారి కొలువులో ఆడే ఆమె. నడుముకు రెండువైపులా మంచమంత వెడల్పున గౌను.

“ఓలమ్మ, ఈవిడ గుమ్మంలోంచి ఎలాగెల్తాదే?” అంది అమ్మ.

నేను హిందీలో అడిగాను. మిస్ లేచి, మా ఇంటి గుమ్మంలో పక్కకు తిరిగి, రెండు చేతులతో లేని గౌను పట్టుకుని ఎండ్రకాయలా అడుగులు వేస్తూ బయటకు వెళ్ళి వచ్చింది. అమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. అక్కడితో వాళ్ళిద్దరి మధ్య కొత్త పోయింది.

ఆ బరువు బట్టల్లో పాదాలు కనబడేవి కావని, ఎవరో ఒకామె తన కాళ్ళపని అందరికీ కనబడాలని అంచు చీలమండల దాకా ఎత్తేసిందని, దానికే ఊరంతా నోరు నొక్కుకుందని మిస్ చెప్పింది. తర్వాత కాలంలో పల్చటి తెల్ల మస్లిను గౌను వచ్చిందట. గంటలా విచ్చుకుని పిక్కల సగం దాకా వేలాడేది. మునివేళ్ళ మీద నిలబడిన మనిషి ఆ తెలుపులో నేలకు ఆనకుండా తేలుతున్నట్టు ఉండేదట. ఏడింటిలో ఆ గౌను నాది. ఇంకొన్నాళ్ళకు అది తొడల దాకా పొట్టిదై, బల్లపరుపుగా బిగుసుకుపోయింది.

వేదిక మీద ఆడేవాళ్ళ సంగతి అలా ఉంటే, విక్టోరియా రాణి నాటి విందుల్లో సరదాకు ఆడే దొరసానుల గౌన్లు మాత్రం ఏడాదికేడాది వెడల్పయ్యాయి. అలాంటి గౌను బొమ్మ దగ్గర అమ్మ వేలు ఆగింది. “లోపల ఎన్ని లంగాలున్నాయేటి? ఇంత బరువెట్టుకుని ఎలాగాడినారు?”

మొదట గుర్రపు వెంట్రుకలతో నేసిన లంగాలు ఆరేడు వేసుకునేవారట. తర్వాత వాటి బదులు పల్చటి ఉక్కు పట్టీలతో కట్టిన ఒక్క పంజరం చాలిందట. నేను అది చెప్పేసరికి పెరట్లో స్నానం చేసి వస్తున్న నాన్న గుమ్మంలో నిలబడిపోయాడు.

“ఏటీ, ఆడోళ్ళ లంగాలకి ఉక్కేసినారా?”

“అవును నాన్నా.”

“సూసినావా మరి!” అన్నాడు, ఆ ఉక్కు తనే చేసినంత గర్వంగా. మర్నాడు పర్సుడీహ్ బజారులో పాతసామాన్లు అమ్మే కబాడీ దగ్గర పెట్టెలకు చుట్టే ఉక్కు పట్టీలు కొనుక్కొచ్చాడు. అంచులు ఆకురాయితో రాసి నున్నగా చేశాడు. అమ్మ వాటికి గుడ్డ చుట్టి, కింద పెద్దది, పైన చిన్నదిగా అయిదు చుట్లు కట్టింది. అది తొడుక్కునే పిల్లను పిలిచి స్టూలు మీద కూర్చోమంది. కూర్చోగానే ముందుభాగం గాల్లోకి లేచి పిల్ల ముఖానికి తగిలింది! అమ్మ లోపల నాడాలు కుట్టి, నడుస్తున్నప్పుడు ఊగాలి, కూర్చున్నప్పుడు ముడుచుకోవాలి అని మూడు రోజులు దానితో తంటాలు పడింది.

నా గౌనుకు మస్లిను దొరకలేదు. అమ్మ నూలు దోమతెర గుడ్డ తెచ్చింది. నాలుగు పొరలు, అడుగుది గట్టిగా, పైది మెత్తగా. “గంజి ఎక్కువైతే రేకులాగ కొట్టుకుంటాది. తక్కువైతే తడిసిన కోడిలాగ ఏలాడతాది” అంటూ చేత్తో నలిపి చూసేది.

ఒకరోజు పుస్తకంలో ఒక పేజీని మిస్ గబుక్కున తిప్పేయబోయింది. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. అందులో ఒక నాట్యకత్తె. గౌను నిండా మంట.

మిస్ మెల్లగా చెప్పింది. ఆ రోజుల్లో వేదిక అంచున గ్యాసు దీపాలు వరసగా వెలిగేవి. ఆ పల్చటి గుడ్డ ఒక్కసారి రెపరెపలాడితే చాలు. అలా చాలామంది ఆడపిల్లలు పోయారు. పటికా ఇంకేవో లవణాలూ కలిపిన నీళ్ళలో ముంచితే గుడ్డ మండదని అప్పటికే తెలుసు. కానీ అలా ముంచిన గుడ్డ తెలుపు తగ్గి, బిరుసెక్కేది. అందుకని కొందరు నాట్యకత్తెలే ముంచనివ్వలేదు. ఏం జరిగినా తెల్లగా కనబడాలన్నారు.

అమ్మ ఆ పేజీ తిప్పేసింది. తర్వాత నన్ను అడిగింది, “మీ టేజీ మీద దీపం ఎడతారా?”

పెడతారు. ముఖ్య అతిథి వెలిగించే ఇత్తడి కుందె వేదిక మూలనే ఉంటుంది. కార్యక్రమం అయ్యేదాకా ఆర్పరు. పక్కకు జరపమని మిస్ అడిగి చూసింది. దీపం కదపడం మంచిది కాదని స్కూలు పెద్దలు ఒప్పుకోలేదు.

“అలాగైతే ముంచుతాను” అంది అమ్మ.

పటిక మంగలి షాపులోనూ దొరుకుతుంది. మిగతా లవణాల్లో ఒకదాని పేరు మిస్ పుస్తకంలో చూసి బొరాక్స్ అని చదివితే నాన్న నవ్వాడు. “అది మా సుహాగాయే. ఇత్తడి అతికినప్పుడు ఏత్తాం. మీ అమ్మమ్మ ఎలిగారం అనేది.” అమ్మ దోమతెర పీలికలు కత్తిరించి, నీళ్ళలో పాళ్ళు మార్చి మార్చి ముంచి ఆరబెట్టింది. మిస్‌ను పిలిచి పెరట్లో కొవ్వొత్తి వెలిగించింది. ముంచని పీలిక రెప్పపాటులో మాయమైంది. ముంచినది నల్లబడి, ఆగిపోయింది. మిస్ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

నాకు మాత్రం ఏడుపొచ్చింది. అన్నిటికన్నా తెల్లగా ఉండాల్సిన నా గౌను పాతబడిన పంచెలా మాసిన రంగులోకి దిగింది. రిహార్సల్లో ఒక పిల్ల “మచ్ఛర్‌దానీ ఆ గయీ” అంది. దోమతెర వచ్చిందట! అందరూ నవ్వారు. అమ్మతో చెబితే, “టేజీ మీద దీపాలెలుగులో తెలీదులే గుంటా” అంది.

ఉత్సవానికి రెండు రోజుల ముందు ఆదివారం అమ్మ బజారుకు వెళ్ళిన సమయంలో నేను ఆ గౌను మూడు బకెట్ల నీళ్ళలో జాడించాను. గంజి పెట్టాను, ఎక్కువగానే నీలిమందు వేశాను. మేడ మీద ఆరబెట్టి, మళ్ళీ ఎలా మడిచి ఉందో అలాగే మడిచి పెట్టేశాను. గౌను మల్లెపువ్వులా ఉంది. చేసిన పని ఏమిటో నాకు తెలియకపోలేదు. ఆ బొమ్మ నేను కూడా చూశాను కదా. పద్నాలుగేళ్ళ వయసులో మంట బొమ్మ కన్నా మచ్ఛర్‌దానీ అన్న మాటే పెద్దది.

ఉత్సవం రోజు అమ్మ వేదిక పక్క తెరచాటున తడిపిన కంబళి భుజాన వేసుకుని, బకెట్ నీళ్ళతో నిలబడింది. ఇదేం చోద్యమని టీచర్లు చూశారు. అమ్మ కదల్లేదు. కొలువు గౌను పక్కవాటుగా వచ్చి వెళ్ళింది. తర్వాత నేను. మునివేళ్ళ మీద నిలబడడం నాకు రాదు. మిస్ నేర్పిన మూడు గిరికీలు తిరిగాను. మూడోదానికి అడుగు కొంచెం ఎడమకు, దీపం వైపు పడింది. నాకేమీ తెలియలేదు. చప్పట్ల మధ్య ఏదో కమురు వాసన వచ్చింది. తెరవైపు చూస్తే అమ్మ అప్పటికే వంగి నా గౌను అంచు పట్టుకుని లోపలికి లాగేస్తోంది. కంబళి చుట్టేసింది.

విప్పి చూస్తే పై పొరలో అరచేయంత నల్లటి చిల్లు. దాని అంచులు వాటంతటవే ఆరిపోయాయి. రెండో పొరకు అంటనే లేదు. బయట ఉక్కు చుట్ల గౌను ఊగుతూ వేదిక మీదికి వెళ్ళింది, జనం కేరింతలు కొట్టారు. నేను ఆ చిల్లులో వేలు పెట్టి చూశాను. కడిగేశాను కదా, మరి ఎందుకు మండలేదు?

“అమ్మా, నేను... ఆదివారం గౌను కడిగేశాను.”

“తెలుసునే.”

“ఎలా తెలుసు?”

“ముట్టుకుంటే తెలీదేటి? ఇరవై ఏళ్ళనుంచి గుడ్డ ముట్టుకుంటన్నాను. నిన్న నువ్వు బడికెల్లినాక మళ్ళీ ముంచినాను. నీలం బాగా ఏసినావు గదా, తెలుపు పోనేదు.”

“మరి తిట్టలేదేం?”

అమ్మ నా జడ సరిచేస్తూ అంది, “తిడితే మళ్ళీ కడిగేత్తావు.”

ఆ రోజు నేను ఎంత ఏడ్చానో చెప్పలేను. అమ్మ నన్ను కాపాడింది. నా సిగ్గును కూడా కాపాడింది. తెల్లగా కనబడాలన్న నా కోరికను తప్పనలేదు, దాన్ని ఉంచి ప్రమాదాన్ని తీసేసింది. నాకు ఇప్పుడు ఒక కూతురు ఉంది. ఏదైనా విషయంలో దాన్ని కసురుకోబోయి ఆగిన ప్రతిసారీ అమ్మకు మనసులో దండం పెట్టుకుంటాను.

తర్వాతి ఆదివారం మిస్ మా ఇంటికి భోజనానికి వచ్చింది. చేపలపులుసు తిని, కళ్ళలో నీళ్ళు కారుతున్నా మళ్ళీ వేయించుకుంది. భోజనాలయ్యాక ఇద్దరూ మళ్ళీ పుస్తకం తెరిచారు. చివరి పేజీ దాకా చూసి అమ్మ అడిగింది, “ఇన్ని బొమ్మలున్నాయి గదా, ఇవి కుట్టినోళ్ళ బొమ్మ ఒక్కటీ నేదేటి?”

నేను హిందీలో చెప్పాను. మిస్ కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి ఒక్కో పేజీ తిప్పింది. నిజంగానే లేదు. పుస్తకం మూసి, “చలో” అని లేచింది. అమ్మ వద్దు వద్దంటున్నా వినకుండా మమ్మల్ని ఆటో ఎక్కించి ఫోటో స్టూడియోకు తీసుకెళ్ళింది. మధ్య కుర్చీలో అమ్మను కూర్చోబెట్టింది. చిల్లు పడిన గౌను ఆమె ఒళ్ళో పరిచింది. తను, నేను వెనక నిలబడ్డాం.

కొన్నాళ్ళకు మిస్ ఖరగ్‌పూర్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. రెండు వేల సంవత్సరం దాటాక కూడా అమ్మకు రకరకాల స్కూళ్ళ నుంచి డాన్సు బట్టల పని వస్తూనే ఉండేది, ఆ పనితోనే నా కాలేజీ చదువు నడిచింది. ఆ ఫోటో ఇప్పుడు నా దగ్గర ఉంది. అందులో అమ్మ కొంచెం చిరాగ్గా కనబడుతుంది. ఇస్త్రీ లేని చీరతో ఫోటో తీయించారని మా ఇద్దరి మీదా కోపం.