నిద్రపోయే బోర్డు, మా ల్యాబ్ మేడం

మా ల్యాబ్ మేడం పోయారు. అన్నం వడ్డించుకుని కూర్చున్నప్పుడు నందిగామ నుంచి స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే వెళ్లిపోయారట. "ఆవిడకి అలాగే రాసిపెట్టి ఉంది లేవే" అంది, ఏడుస్తూనే. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మేడం నిద్ర సంగతి తెలిస్తే మీకూ ఆ మాట అర్థమవుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. నేనూ ఆ స్నేహితురాలూ నందిగామ దగ్గర ఇంజనీరింగ్ చదువుతున్నాం. మేడం, నేను జగ్గయ్యపేటలో ఒకే బస్సెక్కేవాళ్లం. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, టికెట్ వాచీ పట్టీలో దోపుకుని, బస్సు ఊరు దాటకముందే కళ్లు మూసుకునేవారు. పత్తిచేల మీది పొగమంచు కిటికీ వెంట నడిచేది. ఎండ, నీడ ఆవిడ ముఖం మీదుగా జారిపోతుండేవి. నందిగామ రాగానే ఎవరూ లేపకుండానే కళ్లు తెరిచి, "నిన్నటి సర్క్యూట్ ఎక్కడ తప్పిందో దొరికిందే" అనేవారు. నిద్రలో వెతుక్కుంటారా మేడం అని అడిగితే, "మెలకువలో మీరు వెతకనివ్వరుగా" అని నవ్వేవారు. ఆ పక్క సీటు నాకు ఎంత ఇష్టమో ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు.

ఆఖరి సంవత్సరం మా ఇద్దరి ప్రాజెక్టు, హైవే మీద బండ్ల వేగాన్ని పసిగట్టే రాడార్ బోర్డు. అరచేతంత ఉండేది. దాని చిప్‌లోకి మేం రాసిన ప్రోగ్రాం ఎక్కించాలన్నా, లోపల ఏం జరుగుతోందో చూడాలన్నా డీబగ్గర్ అనే చిన్న పెట్టె కావాలి. ఒకవైపు కంప్యూటర్‌కి, ఇంకోవైపు రిబ్బన్ కేబుల్‌తో బోర్డుకి తగిలిస్తాం. ప్రాజెక్టు పరీక్షకి ముందురోజు ఆ పెట్టె బోర్డుని గుర్తుపట్టడం మానేసింది. ఎన్నిసార్లు కనెక్ట్ నొక్కినా తెర మీద ఒకటే జవాబు, చిప్ దొరకలేదని.

మా దగ్గర ఇంకో బోర్డు లేదు. మా నాన్నకి జగ్గయ్యపేటలో విత్తనాలు, పురుగుమందుల కొట్టు. నేనొక్కదాన్నే సంతానం. "నీ రాడారు ఆడిందా, హైదరాబాద్ వెళ్లి ఉద్యోగం చూసుకో, నేను అడ్డురాను. ఆడలేదా, బుద్ధిగా వచ్చి కొట్లో కూర్చో" అని అందరి ముందూ అనేశారు. ఆయన మాటంటే మాటే. కొట్టు మీద నాకేం ద్వేషం లేదు గానీ, మనసంతా ఆ ఆకుపచ్చ బోర్డు మీదే ఉండేది.

"కాలిపోయిందే" అని స్నేహితురాలు తేల్చేసింది. అంతలో మేడం వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఎవరమ్మా చావు కబురు చెప్పింది? నాడి చూశారా?"

ఆవిడ పద్ధతి ఆవిడది. ముందు కరెంటు సరిగ్గా అందుతోందో లేదో మీటరుతో చూశారు. తర్వాత గ్రౌండ్ తీగ. ఆ తర్వాత కేబుల్ అంచునున్న ఎర్రగీత సరైన వైపే ఉందా అని వేలితో తడిమారు. డీబగ్గర్ వేగం బాగా తగ్గించి, "గదమాయించకుండా అడుగు" అన్నారు. అయినా దొరకలేదు. అప్పుడు కళ్లు మూసుకున్నారు. పైన ఫ్యాను తిరుగుతోంది. హైవే మీద లారీలు ఎక్కడో కాలవ పారుతున్నట్టు వినిపిస్తున్నాయి. నిజంగానే నిద్రపోయారేమోనని నాకు ఏడుపొచ్చింది.

"నిన్న ఏం మార్చారు?" కళ్లు తెరవకుండానే అడిగారు.

"బ్యాటరీ ఆదా అవుతుందని, పని లేనప్పుడు చిప్ నిద్రపోయేలా రాశామండి."

"కరెంటు ఇవ్వగానే ఏం చేస్తుంది?"

"చూస్తుంది... ఎదురుగా బండి లేకపోతే నిద్రపోతుంది మేడం."

"ల్యాబులోకి బండి ఎక్కణ్ణుంచి వస్తుందే? లేవడం, పడుకోవడం. అచ్చం నాలాంటిదాన్ని తయారుచేసి, పిలిస్తే పలకట్లేదని ఏడుస్తున్నారా?"

నన్ను రీసెట్ బటన్ నొక్కి పట్టుకోమన్నారు. అది నొక్కి ఉన్నంతసేపూ చిప్ ప్రోగ్రాం మొదలుపెట్టదు. వదిలాక అది మళ్లీ నిద్రలోకి జారేలోపు డీబగ్గర్ దాన్ని పట్టుకోవాలి. ఆవిడ కనెక్ట్ నొక్కి "వదులు" అంటారు, నేను వేలు తీయాలి. మొదట ఆలస్యమైంది. తర్వాత తొందరపడ్డాను. "బోర్డు వైపు చూడకు, నా మాట విను చాలు" అన్నారు. ఆవిడ గొంతు మాత్రమే వింటూ వదిలాను. తెర మీద చిప్ పేరు వచ్చింది. నేను మేడంని వాటేసుకుని ఏడ్చేశాను. ఆవిడ నా వీపు తట్టి, "ముందు ఆ నిద్ర లైను తీసెయ్, మళ్లీ జారుకుంటుంది" అన్నారు.

మర్నాడు పరీక్ష గట్టెక్కింది. నాన్న మాట నిలబెట్టుకుని, తనే వచ్చి నన్ను హైదరాబాద్ బస్సెక్కించారు. ఇవాళ్టికీ నేను తినే అన్నం ఇలాంటి బోర్డుల పనిదే. అది మేడం పెట్టిందేనని ఎవరి దగ్గరైనా చెబుతాను.

ఫోన్ పెట్టేశాక మాత్రం పరీక్ష గుర్తుకురాలేదు. బోర్డు లేచిన ఆ సాయంత్రమే గుర్తొచ్చింది. అది పనిచేస్తోందో లేదో చూద్దామని వరండా చివర బల్ల మీద పెట్టాం. ఏదైనా కదిలితే దాని మీది చిన్న ఎర్రదీపం వెలుగుతుంది. కదలకుండా నిలబడ్డ మనిషి దానికి కనిపించడు. మేడం అవతలి చివర నుంచి ఎండలో మెల్లగా నడిచి వచ్చారు. దీపం వెలిగింది. సగం దూరంలో ఆగి, ఊపిరి బిగబట్టి, చీర కుచ్చిళ్లు కదలకుండా చేత్తో పట్టుకున్నారు.

దీపం ఆరిపోయింది. మేడం అక్కడే ఉన్నారు, నవ్వు ఆపుకుంటూ, మావైపే చూస్తూ.