పరీక్షకి వెళ్లిన వావిలాకు

సాయంత్రాలు మా అమ్మమ్మ మోకాళ్లకి వావిలాకు కాపడం పెట్టేది నేనే. ఆకు పెనం మీద వెచ్చజేసి, పాత చీర గుడ్డలో మూటకట్టి అద్దుతాను. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టర్ వెనక కంచె పొడుగునా ఆ మొక్కలే. అవి ఉండగా డాక్టరెందుకు అనేది అమ్మమ్మ. గోడ పట్టుకుంటే తప్ప మెట్లు దిగలేని స్థితి వచ్చినా అదే మాట.

ఫార్మసీ చివరి ఏడాది ప్రాజెక్టుకి ఏదైనా మొక్క చెప్పమన్నప్పుడు, తరగతిలో నోరు విప్పని నేను చెయ్యెత్తి వావిలి అన్నాను. అమ్మమ్మే ఆకు కోసి, కడిగి, నీడన ఆరబెట్టి ఇచ్చింది. గోల్‌బజార్‌లో చేపలమ్మే బెంగాలీ దీదీకి కూడా "మా ఆకు పరీక్షకెల్తంది" అని చెప్పుకుందట.

మొదటి పరీక్షలో మా కషాయం చుక్కలు పడగానే ఊదారంగు ద్రావణం పాలిపోయి పసుపుపచ్చగా మారింది. యాంటీఆక్సిడెంట్ గుణం ఉన్నట్టే. రెండోది నొప్పికి. వేడి పలక మీద ఎలుక ఎంతసేపటికి కాలు నాకుతుందో చూడాలి; నొప్పి తగ్గితే ఆలస్యంగా నాకుతుంది. కషాయం తాగిన ఎలుకలు, వట్టి నీళ్లు తాగినవాటితో పాటే కాళ్లు నాక్కున్నాయి. ప్రాజెక్టు మేడం మళ్లీ చేయించారు. అప్పుడూ అంతే.

ఇంటికొచ్చే దారంతా ఈ సంగతి అమ్మమ్మకి ఎలా చెప్పాలా అనే ఆలోచనే. చెబితే నొచ్చుకుంటుంది. చెప్పకపోతే డాక్టరు మాటే ఎత్తనివ్వదు.

అమ్మమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. "ఏటే, నా ఆకు పాసయిందా?"

"ఒకదాంట్లో అయింది అమ్మమ్మా. నొప్పిలో పోయింది."

"మీ తాతా లెక్కల్లో పోయినోడే. వర్క్‌షాపులో ఇంజిన్లు బాగుసెయ్యలేదేటి?"

నవ్వొచ్చింది. "మేం తాగించి చూశాం. నువ్వు కాపడం పెట్టుకుంటావు. నీకు తగ్గేది ఆకుకో, వేడికో నాకు తెలీదు."

"అయితే ఈయేళ ఆకు లేకండా వట్టి గుడ్డ పెట్టు. సూద్దాం."

గుడ్డ వేడిచేసి పెట్టాను. కళ్లు మూసుకుంది. ఎలా ఉందని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. చాలాసేపటికి తనే, "ఆకుతో లాగే హాయిగా ఉందే," అంది, గొంతు తగ్గించి.

ఒక్క సాయంత్రంతో ఏదీ తేలదని చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"రేపు నన్ను డాక్టరు కాడికి తీసుకెల్లు. ఆకు పోయిన సంగతి మాత్రం ఆయనకి సెప్పకు. నవ్వుతాడు."

చెప్పనన్నాను. గుడ్డ ఇంకా వెచ్చగానే ఉంది. రెండో మోకాలికి పెట్టాను.