కత్తెరక్కకు వచ్చిన కోపం

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె కత్తెరక్కే. పార్కు వెనక గోడకు ఎదురుగా ఆమె కుట్టు దుకాణం. పని శుభ్రంగా చేస్తుంది, నోరు మాత్రం ఊరుకోదు. "కిందటేడు కుట్టిన ప్యాంటు బిగుతైపోయింది" అని ఎవరైనా నసిగితే, "పొట్ట పెంచింది నువ్వు, తిట్లు నా ప్యాంటుకా?" అని మొహం మీదే అనేస్తుంది. అయినా జనం ఆమె దగ్గరికే వస్తారు.

పార్కు వెనక మూల ఒకప్పుడు చిన్న అడవిలా ఉండేది. అందంగా ఉంటుందని ఎవరో ఎక్కడినుంచో తెచ్చి నాటిన ఊదాపూల తీగ అక్కడ బలిసి, చెట్ల మీదికెక్కి, వాటికి ఎండ తగలనివ్వకుండా కప్పేసింది. ఒక గాలివానకు ఆ బరువు మోయలేక పెద్ద చెట్టొకటి కూలి గోడ మీద పడింది. పార్కువాళ్లు వచ్చి చెట్టును ముక్కలు చేసి బండికెత్తుకుపోయారు. తీగను ముట్టుకోలేదు.

"చచ్చినదాన్ని తీసుకెళ్లి, చంపినదాన్ని వదిలేశారు!" అంటూ కత్తెరక్క దుకాణం మూసేసి, గుడ్డలు కోసే కత్తెరతోనే పార్కులోకి నడిచింది. సాయంత్రానికి కత్తెర పనికిరాకుండా పోయింది. వర్షాలకు తీగ మళ్లీ చిగురించింది. ఆ ఉక్రోషమే ఆమెను, ఆదివారాల్లో ఆ మూలను బాగుచేసే బృందంలోకి లాక్కొచ్చింది. రిటైరైన పోస్ట్‌మాన్, ఆస్పత్రి నర్సు, మరికొందరు ఇరుగుపొరుగు. జీతం లేదు, బత్తెం లేదు. తీగను కోస్తే లాభం లేదని, వేరుతో సహా తవ్వి తీయాలని అందరూ తంటాలు పడుతూనే నేర్చుకున్నారు. అక్కడే మిగిలిన పాత చెట్ల కింద గింజలు ఏరి, పాల ప్యాకెట్లలో మట్టి నింపి మొలిపించారు. ఎండాకులు ఊడ్చుకొచ్చి నేల మీద పరిచారు.

కొన్నేళ్లు పట్టింది. మొక్కలు భుజాల దాకా లేచాయి. వాటి మధ్య ఆ నేలకు చెందిన గడ్డి తనంతట తానే మొలిచింది. తేనెటీగలొచ్చాయి. ఆ ఏడు గడ్డి మొదట్లో చిన్న పిట్టొకటి గూడు కట్టింది. కత్తెరక్క గొంతు తగ్గించి మాట్లాడేది ఆ గూడు దగ్గర ఒక్కచోటే.

ఒకరోజు ఉదయం ఆమె మిషన్ మీద కూర్చోగానే గోడ అవతల గడ్డికోత యంత్రం మోత వినిపించింది. పరుగెత్తింది. వెళ్లేసరికి మూలంతా చదునైపోయి ఉంది. యంత్రం మీద కూర్చున్నది ఆమె సొంత తమ్ముడు. పార్కులో ఆ యంత్రం నడపడమే అతని ఉద్యోగం.

"ఒరేయ్, దిగు!"

అతను దిగాడు. తలెత్తలేదు. "పెద్దాఫీసరు వస్తున్నాడట అక్కా. ఇక్కడ లాన్ వేయాలన్నారు. పొద్దున్నే చెప్పారు."

"చెబితే? ఎదురుగా ఉన్న నా దుకాణం దాకా రావడానికి నీకు కాళ్లు లేవా?"

"పిట్టగూడు చుట్టూ వదిలేశాను," అన్నాడు నెమ్మదిగా.

నిజమే. చదునైన నేల మధ్య గడ్డి పిడికెడంత మిగిలి ఉంది.

"గూడు వదిలావు. దాని చాటు కోసేశావు, తిండి కోసేశావు. ఇంకెందుకొస్తుందిరా అది?"

ఆ పిట్ట మళ్లీ రాలేదు.

మధ్యాహ్నానికి లాన్ గడ్డిని చాపల్లా చుట్టి తెచ్చిన లారీ వచ్చింది. కత్తెరక్క ఆ చుట్టల మీదికెక్కి కూర్చుంది. సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు.

"దిగండమ్మా, పని ఆగిపోతోంది."

"మా పని తొక్కేసినప్పుడు మమ్మల్ని అడిగారా?"

"అవన్నీ పిచ్చిమొక్కలమ్మా. ప్రజలకు అందంగా కనబడాలి కదా!"

"ప్రజలా? మరి నేనెవర్ని, పరాయి దేశం నుంచి దిగానా? ఈ పిచ్చిమొక్కల్ని పెంచినవాళ్లు ప్రజలు కారా?"

నర్సు వచ్చింది, పోస్ట్‌మాన్ వచ్చాడు, వీధి సగం వచ్చింది. అంతలో పెద్దాఫీసరు కారు దిగాడు. గొడవ ఎందుకని విని, గడియారం చూసుకుని, "సరే, సగంలో లాన్ వేయండి, సగం వీళ్లకు వదిలేయండి," అని వెళ్లిపోయాడు. ఏ సగమన్నది సూపర్‌వైజర్ తేల్చాడు. పైన మంచి నేల లాన్‌కు, కాలువ పక్కన నీళ్లు నిలిచే పల్లం వీళ్లకు.

నర్సు సూపర్‌వైజర్‌కు థ్యాంక్స్ చెప్పింది. కత్తెరక్క ఒళ్లు మండిపోయింది.

"మనం పెంచినదాన్ని నరికి, అందులో సగం మనకే దానం చేస్తే దండాలు పెడతారా?"

"దొరికింది ముందు కాపాడుకుందామమ్మా," అన్నాడు పోస్ట్‌మాన్. "కోపం తర్వాత పడదాం."

"నాకు రెండూ ఒకేసారి చేతనవును."

ఆ వారమంతా తమ్ముడితో మాట్లాడలేదు. ఉండేది ఒకే ఇంట్లో. అతను వంటింట్లోకొస్తే ఆమె వసారాలోకి పోయేది. ఆదివారం పల్లంలో మొక్కలు నాటుతుంటే అతను పార పట్టుకుని వచ్చాడు.

"వారమంతా వాళ్ల కోసం కోసి, ఆదివారం నాకోసం నాటుతావా?"

"అంతే అక్కా. నేను మానేస్తే ఆ యంత్రం ఇంకొకడు ఎక్కుతాడు. వాడు గూడు దగ్గర కూడా ఆగడు."

ఆ మాట నిజమైనందుకు ఆమెకు ఇంకా మండింది. "మాటలు తర్వాత. గుంట లోతుగా తీయి," అంది.

పల్లంలో కొన్ని మొక్కలు కుళ్లిపోయాయి, కొన్ని నిలదొక్కుకున్నాయి. తమ్ముడు ప్రతి ఆదివారం వస్తున్నాడు. ఆమె అతనితో మాట్లాడుతోంది, కానీ ఆ ఉదయాన్ని మాత్రం క్షమించలేదు, క్షమించానని అబద్ధమూ చెప్పదు. పైనున్న సగం తిరిగి ఇవ్వమని అడగడానికి వీలు దొరికినప్పుడల్లా సూపర్‌వైజర్ ఆఫీసుకు వెళుతుంది. సారు బయటికెళ్లారని బంట్రోతు చెబుతాడు. "రానీ," అని ఆమె కుర్చీ లాక్కుని, వెంట తెచ్చుకున్న చొక్కాలకు బొత్తాలు కుట్టుకుంటూ అక్కడే కూర్చుంటుంది.