బోర్ల చదువు

మా అమ్మకు బోరాన్ అన్న మాటకు నోరు తిరగదు. సిరిసిల్లలో మా వాడకట్టులో ఎవరు అడిగినా, "మా బిడ్డ కోరుట్ల కాలేజీల పాఠాలు చెప్తది, బోర్ల మీద పెద్ద సదువు సదువుతాంది" అని చెప్పుకుంటుంది. నేను నెత్తి కొట్టుకున్నా లాభం లేదు.

"బోర్లు కాదే అమ్మా, బోరాన్! నల్లగ గట్టిగుంటది. దాంట్ల పరమాణువులు ఎట్ల పేర్చి ఉంటయో నేను చూస్త."

"అదేనే. లోపట ఏమున్నదో చూసుడే గదా!"

ఆ ప్రచారం పోయినేడు ఎండాకాలంలో ఒక ఆదివారం మా గడపలోకే వచ్చింది. బుగ్గారం కాక జగిత్యాలలో బస్సు మారి, ఎండన పడి వచ్చాడు. సొంత బాబాయి కాదు. బాపుతో దుబాయ్‌లో ఒకే గదిలో ఏండ్ల తరబడి ఉన్నవాడు. బాపు ముందే తిరిగొచ్చి మరమగ్గాలు పెట్టుకున్నాడు, కాక ఆ మధ్యనే వచ్చి వ్యవసాయంలో దిగాడు. సంచిలోంచి కొబ్బరికాయ తీసి నా అరచేతిలో పెట్టాడు.

"రేపు పొద్దుగాల బోరుబండి అస్తది బిడ్డా. ఇదివరకు ఏసినయి అన్నీ దుమ్మే లేపినయి. గిది గూడ పడకుంటే దీని అప్పు తీర్చ నేను మళ్ల దుబాయ్ పోవుడే. మీ చిన్నమ్మ ఒక్కతీరుగ ఏడుస్తాంది. ఏడ ఎయ్యాల్నో జర నువ్వు చూసి చెప్పు."

కాయను అరచేతిలో ఉంచుకుని పొలంలో నడిస్తే, నీళ్లున్న చోట అది నిక్కి నిలబడుతుందని మా దిక్కు నమ్మకం. చదువుకున్న చెయ్యి అయితే ఇంకా బాగా పట్టిస్తుందని కాక లెక్క. నాకు అమ్మ మీద ఒళ్లు మండిపోయింది. ఆమె చాయ్ పెడతానని అప్పటికే వంటింట్లోకి జారుకుంది.

"అమ్మ ఆగం చేసింది కాకా. నాది బోర్ల సదువు కాదు."

"మరేంది?"

ఆ ముఖం చూస్తే కసురుకోబుద్ధి కాలేదు. పాపం, అంత దూరం వచ్చినవాడికి సగం మాట చెప్పి ఎలా పంపను?

"మీ దుబాయ్ లేబర్ క్యాంపు యాది చేసుకో. అన్ని గదులల్ల మంచాలు ఒక్కతీరుగనే ఏసి ఉంటయి గదా. కానీ ఒక గదిల కిటికీ కాడిది ఖాళీ, ఇంకో గదిల తలుపు కాడిది ఖాళీ. బోరాన్ల ఒక రకం గట్లనే ఉంటది. మొత్తం క్యాంపు మీద ఎన్ని ఖాళీలో మా ఎక్స్‌రే మిషన్ చెప్తది. ఏ గదిల ఏ మంచమో చెప్పది."

"గా ఖాళీలు నింపితే అయిపాయె గదా?"

"నింపితే కుదురది కాకా. జరంత ఖాళీ ఉంటేనే అది నిమ్మలంగ ఉంటది."

కాక నా చేతిలోంచి కాయ తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"గిన్నేండ్లు సదివి, ఏది ఖాళీనో చెప్పరాదా?"

"రాదు."

"మరి నా పొలంల?"

"అది అసలే రాదు. నాకు తెల్వది కాకా."

కొండంత ఆశతో వచ్చిన మనిషికి నేను ఇచ్చింది అంతే.

కాక కాయను సంచిలో వేసుకున్నాడు. "కాయ పట్టినోడు తెలుసన్నడు. నీళ్లు చూసే మిషన్ వెట్టినోడు తెలుసన్నడు. బండోడైతే మాటలల్లనే నీళ్లు కండ్ల ముంగట చూపెట్టిండు. తెల్వదన్నది నువ్వొక్కదానివే బిడ్డా."

తర్వాత బోరుబండి అతనికి ఫోన్ చేశాడు. "రేపు బండి తోల్కరాకు. లేదు లేదు, ఇంకోని మాట్లాడలే. నేను బోరే ఎయ్య, కొత్త అప్పు చెయ్య. వాన పడ్డంక ఆ తడికే ఇంత నువ్వులు చల్లుకుంట."

అప్పుడొచ్చింది అమ్మ, చాయ్ కప్పులతో, ముఖం వెలిగిపోతూ. "ఏమన్నది మా బిడ్డ? ఏడ ఎయ్యమన్నది?"

"ఎయ్యద్దన్నది వదినా."

నేను ఆ మాట అనలేదు. కాదని చెప్పకుండా చాయ్ కప్పు అందుకున్నాను.

కాక తన ఫోన్ అమ్మకు అందించాడు. "నేను దుబాయ్ పోతలేనని మా ఇంటామెకు నువ్వే చెప్పు వదినా. నేను చెప్తే నమ్మది."