మంచు గుడారం, నువ్వుల నూనె

నిన్న అమ్మవారి గుడి వాకిట్లో వార్డు ఆఫీసరు గారిచేత సాష్టాంగం చేయించానండీ! ఎవరు? నేనే! గొడుగులు బాగుచేసుకునే అప్పారావు! టీ చల్లారకముందే చెప్పేస్తాను, వినండి.

వీధిలో అమ్మవారి సంబరం చేయాలంటే వార్డు ఆఫీసు సంతకం ఉండాల్సిందే కదా. పోయినేడు ఆఫీసరు ఊ బా చిట్ గారు గుడి చూడటానికొచ్చి, వానలో ముద్దగా తడిసి, చిర్రుబుర్రులాడుతూ సంతకం పెట్టకుండానే వెళ్లిపోయారు. సంబరం గోవిందా! ఈసారి ఆయన మీద చుక్క నీరు పడకూడదని గుడిలో అందరూ తలలు పట్టుకుంటే నేను లేచి నిలబడ్డాను. "ఆ సంగతి నాకొగ్గీయండి. నాకాడ టెంటుంది!"

మామూలు టెంటు కాదది. ఓడలో పనిచేసే ఒక తెల్లాయన గొడుగు బాగుచేసినందుకు మెచ్చి ఇచ్చిపోయాడు. వాళ్ల దేశంలో చెరువులు గడ్డకట్టేస్తాయట. ఆ మంచు మీద ఈ టెంటు వేసుకుని, లోపల కూర్చుని చేపలు పడతారట! మనవాళ్లు బతకడానికొచ్చిన ఈ వేడి పేట పజుండౌంగ్‌లో ఐసు ముక్క చేతికొచ్చేలోపే కరిగిపోతుంది కదా, అందుకే దాన్ని అటక మీద పడేశాను. దానికి నాలుగు రాటలు. అల్యూమినియం గొట్టాలు, ఒకదాంట్లోంచి ఒకటి బయటికొస్తాయి. కావలసినంత లాగి ఒక్క తిప్పు తిప్పితే బిగుసుకుంటాయి. ఇచ్చేటప్పుడు ఆయన వేలు ఆడించి మరీ చెప్పాడు, "డ్రై క్లాత్! నో ఆయిల్!" అని.

ముప్పై ఏళ్లుగా గొడుగు ఊచలతో బతుకుతున్న నాకు చెబుతాడా! నూనె తగలని గొడుగు ఎక్కడైనా తెరుచుకుంటుందా? మొన్న గొట్టాలన్నీ విప్పి లోపలా బయటా నువ్వుల నూనె పట్టించాను. మా ఆవిడ పార్వతి చూసి, "ఏటండీ, ఆయనొద్దన్నాడు కదా?" అంది.

"నీకేటి తెలుసు? ఎలగ జారతన్నాయో సూడు!"

నిజంగానే ఎంత బాగా జారాయో!

నిన్న పొద్దున్నే టెంటు నిలబెట్టాం. గుడి పనులన్నీ చూసే నరసమ్మ పిన్ని వచ్చి, "రాటకి పసుపు నేకుండా పందిరేటిరా?" అని నాలుగింటికీ తడి పసుపు మెత్తి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టింది.

ఊ బా చిట్ గారొచ్చారు. కుర్చీలో కూర్చుని రెండు గారెలు తిని, కాగితం చదివి, పెన్ను మూత తీశారు. సరిగ్గా అప్పుడే వాన! ఒక్క చుక్క లోపలికి రాలేదు. నా ఛాతీ ఎంత పొంగిందో! కానీ పైన గుడ్డలో నీళ్లు నిలిచాయి. ఆ బరువుకి "సుర్‌ర్" మని గొట్టాలు ఒకదాంట్లోకి ఒకటి జారాయి. కప్పు ఆయన తలకి తగిలింది.

"ఏమిటిది?" అన్నారు.

ఇక్కడి భాషలో 'అయ్యా' అనడానికి 'సయా' అంటాం కదా, అలా పిలుస్తూ నోటికొచ్చింది అనేశాను. "మా ఆచారం, సయా! అమ్మవారి ముందు పెద్దలు తల వంచాలి."

పాపం, మర్యాదస్తుడు. వంచారు. కప్పు మరో జానెడు దిగింది.

"ఇంకా వంచాలా?"

"కొంచెం, సయా."

నమ్మించడానికి నేనూ వంగాను. నరసమ్మ పిన్ని నాకంటే ముందే వంగింది. ఆయన కుర్చీ దిగి మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆ తర్వాత నాలుగు గొట్టాలూ ఒక్కసారే సుర్రుమన్నాయి! గుడ్డ కింద ముగ్గురం నేలకి కరుచుకుపోయాం. పైన వాన చప్పుడు. నాకు సంబరం కాదు, జైలు గది కనిపించింది. కాసేపటికి చీకట్లోంచి ఆయన గొంతు వినిపించింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది, సయా."

బయటివాళ్లు గుడ్డ లేపారు. ఆయన చొక్కా నిండా పసుపు, కళ్లజోడు ఒక చెవికే వేలాడుతోంది. కాగితం మాత్రం పొట్ట కింద పొడిగా ఉంది. అక్కడే నేల మీద పెట్టి సంతకం చేసేశారు! "ఇంత బుద్ధిగా తల వంచేవాళ్లు వీధిలో ఏం గొడవ చేస్తారు!" అన్నారు. నేను ఆనందం పట్టలేక పిన్నిని కావలించుకున్నాను.

గేటు దాకా వెళ్లి ఆయన వెనక్కి తిరిగారు. "సంబరం రోజు మా పై ఆఫీసరు గారిని తీసుకొస్తాను. ఆయనచేత కూడా ఈ ఆచారం చేయించాలి. ఆయన తల వంచడం నేను చూడాలి!"

అదండీ నా గతి. పొద్దున్నుంచీ గొట్టం తుడవడం, నూనె రాయడం, టెంటు కింద కూర్చుని అది నెత్తి మీదికి మెల్లగా దిగుతుందో లేదో చూడటం! గొడుగు నిలబెట్టడానికి ముప్పై ఏళ్లు నేర్చుకున్నాను. ఇప్పుడు మర్యాదగా కూలగొట్టడం నేర్చుకుంటున్నాను.